మూసిన నోరు, బావ లెన్సు

జూన్ 3

మాట్లాడకూడదు. గొణగకూడదు. గుసగుస అసలే కూడదట, మామూలు మాటకన్నా అదే గొంతుకు ఎక్కువ చేటు. దగ్గొస్తే నీళ్లు తాగి అణుచుకోవాలి. నలభై రోజులు. డాక్టరమ్మ ఇవన్నీ చెబుతున్నంతసేపూ నా వైపు చూడలేదు. చిన్నపిల్లాడికి మందు ఎలా పట్టాలో తల్లికి చెప్పినట్టు నా భార్యకి చెప్పింది. అభ్యంతరం చెబుదామని నోరు తెరిచాను. ఇద్దరూ ఒకేసారి వేలు చూపించారు.

గొంతు తీగ మీద లేచిన కాయ తీసేశారు. చెడ్డది కాదని పరీక్షలో తేలింది. కానీ పుండు మానకముందే అరిచానా, మళ్ళీ కొయ్యాలి. రెండోసారి కోస్తే గొంతు మిగులుతుందన్న హామీ లేదు. ఫ్యాక్టరీ గేట్ల ముందు, సభల్లో, పత్రికాఫీసులో ముప్పై ఏళ్లుగా ఈ గొంతుతోనే బతికాను. స్నేహితులు నాకు పెట్టిన పేరే మైకు. ఇప్పుడు మైకుకి ఒక పలక, ఒక సుద్దముక్క ఇచ్చారు.

"ఇరవై ఆరేళ్లలో నేను మొదలుపెట్టిన వాక్యం నేనే ముగించడం ఇదే మొదటిసారి" అంది నా భార్య, బస్సులో. దానికి జవాబు నాలుకమీదికొచ్చి అక్కడే ఆగిపోయింది.

జూన్ 4

టీవీలో మంత్రి అబద్ధం చెప్పాడు. పలక పగిలింది.

జూన్ 6

మా పత్రిక ఫోటోగ్రాఫర్ వచ్చాడు. తన పాత డిజిటల్ కెమెరా తెచ్చాడు. లెన్స్ లేకుండా, ఉత్త పెట్టె. "పిట్టల్ని తియ్యన్నా. వాటితో వాదించక్కర్లేదు, అవీ నీతో వాదించవు" అన్నాడు. నాకు పిట్టలతో ఏం పనని రాశాను. "నోరు మూసుకుని చెయ్యాల్సిన పని ఇదొక్కటే తట్టింది" అన్నాడు. వీడు నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు.

లెన్స్ ఎక్కడిదని అడిగితే నా భార్య వైపు చూశాడు. ఆవిడ గోడ వైపు చూస్తూ, "ఈయన బావ దగ్గర ఉండాలి, పాతకాలంవి" అంది.

వద్దు అని రాశాను. కింద మూడు గీతలు గీశాను.

జూన్ 7

అక్క వచ్చింది. ఈ గుమ్మం తొక్కి నాలుగేళ్లు. చేతిలో గుడ్డలో చుట్టిన పెట్టె.

"బావ పంపాడా?" అని రాశాను.

"నేనడిగాను, ఆయన తీసిచ్చారు. అంతకుమించి తవ్వకురా" అంది. కాసేపు కూర్చుని మొత్తం ఇల్లు చూసింది, పరదాలు మారాయంది. వెళ్లేటప్పుడు నా గొంతు మీద, కట్టేమీ లేకపోయినా, చెయ్యి వేసి చూసింది. చిన్నప్పుడు నా జ్వరం అలాగే చూసేది.

రెండు లెన్సులు. చిన్నది యాభై మిల్లీమీటర్లు, పొడుగుది మూడొందలు. రెండూ ఇనుముతో చేసినట్టు బరువు. ఫోకస్ చేతితో తిప్పుకోవాలి, వెలుతురు ఎంత లోపలికి రావాలో అదీ చేతితోనే. బ్యాటరీ లేదు, తీగ లేదు, కెమెరాతో మాట్లాడే మార్గమే లేదు. ముప్పై ఏళ్లపాటు బావ వీటితో పిట్టల్ని తీశాడు. రీలు రోజుల్లో. ఒక్క ఫోటో కూడా ఎక్కడా అచ్చుకి పంపలేదు. అది నాకెప్పుడూ అర్థం కాలేదు. అచ్చుకి పంపనిదాన్ని ఎందుకు చెయ్యడం?

థాంక్స్ అని అక్కకి రాసిచ్చానా? ఇవ్వలేదనుకుంటా.

జూన్ 9

ఫోటోగ్రాఫర్ మధ్యలో వేసే రింగొకటి తెచ్చిచ్చాడు. అది వేస్తేనే పాత లెన్స్ ఈ కెమెరాకి పడుతుంది. చిన్న లెన్స్ బిగించాను. మీట నొక్కాను. కెమెరా ఫోటో తియ్యలేదు. తెర మీద ఒక మాట: "లెన్స్ లేదు."

లెన్స్ ఉంది. నా అరచేతిలో దాని బరువు తెలుస్తోంది. తన కంపెనీ తయారుచేసింది కాదు కాబట్టి దీని దృష్టిలో లేదు. గుర్తింపు కార్డు లేనివాడు మనిషే కాదనే ఆఫీసులు చూశాను, వాటి మీద వందసార్లు రాశాను. ఇప్పుడు అలాంటి ఆఫీసొకటి నా మెడకే వేలాడుతోంది. దీని మీద ఒక వ్యాసం రాయాలి. శీర్షిక కూడా దొరికింది.

అరగంట వెతికితే మెనూలో మారుమూల ఒక వరస కనిపించింది: లెన్స్ లేకపోయినా తియ్యి. అవును అన్నాను. తీసింది. దాని కిందే ఇంకొకటి: చెయ్యి వణుకుని సర్దడానికి లెన్స్ అంకె చెప్పమంది. యాభై ఎక్కించాను. మొదటి ఫోటో నా భార్య కూరగాయలు తరుగుతుండగా. కత్తిపీట మీద ఫోకస్, మనిషి మసక. "ఇదీ నీ దృష్టి" అంది.

వ్యాసం సంగతి రేపు.

జూన్ 11

నీటి శుద్ధి కేంద్రం వెనక, వాడకం మానేసిన పెద్ద మడుగు ఉంది. ఒకప్పుడు నదినీళ్లు ఇక్కడ నిలబడి మట్టి దింపుకునేవి. చుట్టూ ఇనుప కమ్మీలు, ఒక సిమెంటు బల్ల, జమ్ము. ఊళ్లో పిట్టలు దొరికే చోటు ఇదొకటే. బావ పనిచేసిన చోటు కాబట్టి ఎంచుకున్నానని ఎవరైనా అనుకోవచ్చు. కాదు.

కాపలాదారు అడ్డొచ్చాడు. లోపలికి పోకూడదు అన్నాడు. కొత్త పలక మీద చట్టం రాస్తున్నాను. "అయ్యగారి బావమరిదివి కదూ, పత్రికలో రాసేవాడివి" అన్నాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆయన మొహం చూసి వదులుతున్నా" అన్నాడు. నా మొహం చూసి వదిలేవాడు కాదన్నమాట.

బుడుబుంగలు ఉన్నాయి. రెండు పిడికిళ్లంత పిట్ట, తోక ఉందా లేదా అన్నట్టు, ఎర్రటి మెడ. చూస్తుండగానే మునుగుతుంది. ఎక్కడ తేలుతుందో దానికే తెలియాలి. ఇక్కడ మునిగిందని నేను ఇక్కడే ఫోకస్ పెట్టుకుని కూర్చుంటే ఆ చివర తేలి, తల విదిల్చి, మళ్ళీ మునిగింది. ముప్పై ఏళ్లలో నాతో వాదించినవాళ్లెవరూ ఇంత తెలివిగా తప్పించుకోలేదు.

పెద్ద లెన్స్‌తో నూట పది తీశాను. అన్నీ మసక.

జూన్ 14

జమ్ము అంచున తడి చెత్త కుప్పలా తేలుతున్నది గూడు. లేచి వెళ్లేముందు తడి ఆకులు లాగి గుడ్లు కప్పేసి వెళుతుంది. కప్పిందని తెలియకపోతే అక్కడ ఏమీ లేదనే రాస్తాం.

మసక.

జూన్ 15

మసక.

జూన్ 17

మూడొందల నలభై ఫోటోలు. కదలని గూడు కూడా మసకే. నా కళ్లద్దాలు కొత్తవి, ఫోకస్ సరిగ్గా పెట్టాను, కమ్మీ మీద చెయ్యి ఆనించాను. కాబట్టి తప్పు లెన్స్‌లో ఉంది. నాలుగేళ్లు పెట్టెలో ఉంచి బూజు పట్టించి, పనికిరానిదని తెలిసి కూడా నాకు అంటగట్టారు. నోరులేనివాడు ఏం అడుగుతాడులే అని. అక్కకి ఫోన్‌లో మెసేజ్ పెట్టాను, ఇరవై మసక ఫోటోలు జోడించి. చివరి వాక్యం బాగా కుదిరింది: "మీ ఇంట్లో శుభ్రం చేయాల్సింది నీళ్లొక్కటే కాదు."

రెండుసార్లు చదువుకున్నాను. చాలా రోజుల తర్వాత చెయ్యి ఆడింది.

జూన్ 18

మడుగు దగ్గర వెనక చెప్పుల చప్పుడు. నాలుగేళ్లయినా ఆ నడక తెలుసు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు.

"ఏదయ్యా, బూజు చూపించు" అన్నాడు బావ. పలకరింపు లేదు, గొంతెలా ఉందని లేదు.

లెన్స్ ఊడదీసి ఇచ్చాను. ఆకాశం వైపు పట్టి, అటూ ఇటూ తిప్పి, వెనకనుంచి కూడా చూశాడు. మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. "బూజు నా కుడి కంట్లో ఉంది. దీంట్లో లేదు" అన్నాడు. నెలనెలా తీసి తుడిచాడట. ఫోటోలు తియ్యడం మానేశాక కూడా.

తిరిగి బిగిస్తుంటే అడిగాడు. "తెలియక అడుగుతున్నా. ఈ లెన్స్‌కి తీగా లేదు, ముల్లూ లేదు. మరి నువ్వు చిన్నది తగిలించావో పెద్దది తగిలించావో ఆ పెట్టెకి ఎలా తెలుస్తుంది?"

తెలియక్కర్లేదు అని రాశాను. తెలియనిదానికి నా జవాబు త్వరగా వస్తుంది. రాసి, సుద్ద దులుపుకుంటుంటే ఆ యాభై గుర్తొచ్చింది. మెనూ తెరిచాను. చెయ్యి వణుకు సర్దే చోట, నేనే ఎక్కించిన అంకె, నేనే మార్చడం మరిచిన అంకె. ఇంత పొడుగు లెన్స్ పెట్టి చిన్నది పెట్టానని చెబితే, నా వణుకుకి చాలినంత సర్దుబాటు అది ఎలా చేస్తుంది?

"ఎంతుంది?" అన్నాడు. వేళ్లతో చూపించాను. ఐదు, సున్నా.

"ఎంతుండాలి?" మూడు, సున్నా, సున్నా.

"ఊఁ" అన్నాడు. "రాసేముందు అడిగుంటే సరిపోయేది."

లెన్స్ గురించే అన్నాడు. లెన్స్ గురించే అయ్యుండాలి.

అంకె మార్చి తీశాను. గూటి అంచున తడి ఆకు మీద నీటి చుక్క కూడా కనిపించింది.

జూన్ 19

బావ మీద రాసిన ఆ వ్యాసం గురించి ఇక్కడ రాయనని నాలుగేళ్ల కిందట ఇదే రకం నోటుబుక్కులో రాసుకున్నాను. రాస్తాను.

ఆ వేసవిలో కార్మికుల కాలనీకి మూడు రోజులు నీళ్లు రాలేదు. అధికారుల బంగళాలకి వచ్చాయి. వాల్వు మూసింది ఎవరు? శుద్ధి కేంద్రం బాధ్యుడు. ఎవరి కోసం మూశాడు? నా కాలమ్‌లో జవాబు నేనే ఇచ్చేశాను. పేరు రాయలేదు, రాయాల్సిన పనీ లేదు, అందరికీ తెలుసు. బావ మీద విచారణ పడింది. పదవీ విరమణ రోజున వీడ్కోలు సభ కూడా పెట్టలేదు. ఎవరో ఇంటి గేటు మీద నల్లరంగుతో నీళ్లదొంగ అని రాశారు.

వారం తర్వాత అక్క చెప్పింది. కాలనీ పైపు చీలి అందులోకి మురుగు కలుస్తోంది. మూయకపోతే ఇంటికొకరు మంచమెక్కేవారు. ఆయన అర్ధగంటలో కనిపెట్టి మూశాడు, పై ఆఫీసుకి చెప్పి ట్యాంకర్లు పంపమన్నాడు. వాళ్లు పంపలేదు. విచారణలో చివరికి ఇదే తేలింది, ఎవరూ అచ్చు వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు.

అక్కతో ఏమన్నాను? "పైపు కాలనీలోనే ఎందుకు చీలింది, బంగళాల్లో ఎందుకు చీలలేదు?" అన్నాను. ప్రశ్న మంచిది. ఇప్పటికీ మంచి ప్రశ్నే. అక్క ఆ ప్రశ్న వినేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఇవాళ ఆమెకి మెసేజ్ పెట్టాను: లెన్స్‌లో బూజు లేదు, అంకె నేనే తప్పు పెట్టాను. "తెలుసు. ఆయన చెప్పి నవ్వారు. నవ్వి ఎన్నాళ్లయిందో" అని జవాబు.

జూన్ 21

మళ్ళీ వచ్చాడు. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నేనైతే సరే, ఆయనకేమైంది?

జూన్ 25

ఈ కెమెరాలో ఒక సదుపాయం ఉంది. ఫోకస్ ఎక్కడ కుదిరిందో అక్కడ అంచులకి రంగు వేస్తుంది. తెలుపు, పసుపు, ఎరుపు, ఏదైనా పెట్టుకోవచ్చు. ఎరుపు పెట్టాను. సరైనదంతా ఎర్రగా మారిపోయే తెర కోసం నేను జీవితమంతా ఎదురుచూశానని పలక మీద రాస్తే, బావ చదివి, "ఆ పిట్ట మెడ ముందే ఎరుపు. దాన్నేం మార్చావు?" అన్నాడు.

ఆయన ఎందుకు మానేశాడో ఇవాళ తెలిసింది. ఒక కంటికి ఆపరేషన్ బాగా కుదరలేదు. రెండో కన్ను మిగిలింది, దానిదీ అంతంతమాత్రం చూపే. చూసే రంధ్రంలోంచి ఫోకస్ పోల్చుకోలేడు. కానీ ఈ తెర మీద గూటిని పదింతలు చేసి చూపిస్తే, ఎర్రటి గీతలు కదిలి ఒక చోట ఆగడం ఆయనకి కనిపించింది. జేబురుమాలు తీసి తెర తుడిచాడు. తెర శుభ్రంగానే ఉంది.

అప్పటినుంచి పని ఇలా పంచుకున్నాం. కెమెరా పట్టుకునేది, మీట నొక్కేది నేను. లెన్స్ రింగు మీద వేళ్లు ఆయనవి. పిట్ట దగ్గరికొస్తే ఎటు, ఎంత తిప్పాలో ఆయన వేళ్లకి తెలుసు, చూడక్కర్లేదు. ఇద్దరు పెద్దమనుషులు ఒక కెమెరాని కౌగిలించుకుని కూర్చుంటే కాపలాదారు వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు.

జూలై 2

ఇంకా పది రోజులుందనగా ఇవాళ నా గొంతు పోయేదే.

ఒక కుక్క జమ్ములోంచి నీళ్లలోకి దిగింది. తిన్నగా గూటి వైపు. బుడుబుంగ గుడ్లు కప్పడానికి కూడా ఆగకుండా మునిగింది. గుడ్లు తెల్లగా పైకి కనిపిస్తున్నాయి. చేతిలో కెమెరా, మెడకి తాడు, చుట్టూ ఒక్క రాయి లేదు. అరవబోయాను. ఊపిరి పీల్చాను, నోరు తెరిచాను, గొంతులో పుండు బిగిసింది.

నా చెవి పక్కనే బావ అరిచాడు.

అక్క పెళ్లిచూపులనాటి నుంచి ఈయన గొంతు పెంచగా నేను వినలేదు. విచారణలో కూడా పెంచలేదట. ఆ అరుపుకి కుక్క తోక ముడిచి గట్టెక్కింది, కొంగలు లేచిపోయాయి, కాపలాదారు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. బావ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నా తెరిచిన నోటికేసి చూశాడు.

"మూసెయ్. నీ వాటా కూడా నేనే అరిచేశాను."

మూశాను. ఇంటికొచ్చి నా భార్యకి రాసి చూపించాను. చదివి, "ఆయనకి నువ్వు చేసిందేమిటో నీకు గుర్తుంది కదా" అంది. తల ఊపాను. గుర్తులేనిదెప్పుడు?

జూలై 5

పొదగడం అయింది. మూడు పిల్లలు. మొహాల మీద చారలు, తల్లి రెక్కల కింద వీపు మీదెక్కి కూర్చుంటాయి. తల్లి పడవలా కదిలితే రెక్క అంచున ఒక బుర్ర బయటికొచ్చి, ప్రపంచాన్ని చూసి, నచ్చలేదన్నట్టు మళ్ళీ లోపలికి పోతుంది.

బావ వేళ్లు రింగు మీద వెంట్రుకవాసి కదిలాయి. నొక్కాను. ఒకే ఒక్కటి. పిల్ల కంట్లో మడుగు గట్టు, ఆ గట్టు మీద ఒకే ముద్దగా రెండు నల్లటి చుక్కలు. అవి మేమేనని ఆయన అంటాడు. కాదు, కమ్మీల గుంజలని నేను. దీని మీద వాదించడానికి నాకు గొంతు రావాలి.

ఫోటో వివరాల్లో లెన్స్ అన్న చోట ఖాళీగా ఉంది. ఎవరి లెన్సో, ఎవరి వేళ్లో ఇది చెప్పదు. చెప్పాల్సింది నేనే.

జూలై 9

సవరణ రాశాను. తొమ్మిది పేజీలు. నీటి పంపిణీ చరిత్ర, పై ఆఫీసు నిర్లక్ష్యం, ఆనాటి పత్రికారంగ పరిస్థితి. నా భార్య ఎర్రకలంతో కూర్చుంది. ఆవిడ బడిలో పిల్లల వ్యాసాలు దిద్దుతుంది, జాలి ఉండదు.

"ఇందులో నేను తప్పు రాశాను అన్న మాట ఎక్కడుంది?"

ఏడో పేజీ చూపించాను.

"'సమాచార లోపం జరిగి ఉండవచ్చు' అని ఉంది. ఎవరి లోపం? గాలిదా?"

పదకొండింటికి కూర్చుంటే భోజనాల వేళకి ఏడు వాక్యాలు మిగిలాయి. ఏడూ నిలబడ్డాయి. ఈ మనిషి నాతో ఇరవై ఆరేళ్లు ఎందుకుందో తెలియదు, ఉన్నందుకు మాత్రం... ఇలాంటివి రాయడం నాకు చేతకాదు.

అచ్చులో చేసిన తప్పు అచ్చులోనే దిద్దాలి. కానీ ఈసారి అచ్చుకి పోకముందు ఒక మనిషికి చదివి వినిపించాలి. నా గొంతుతో. పలక మీద కాదు. గొంతు లేకపోతే? అదొక్కటే భయం. సభలు పోతే పోనీ.

జూలై 13

డాక్టరమ్మ గొట్టం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. "ఆ అనండి, మెల్లగా" అంది.

"ఆ" అన్నాను. వచ్చింది. నాది కాదు, ఎవరో పక్కగదిలోంచి అన్నట్టు ఉంది, లావుగా, తడిగా. కానీ వచ్చింది. నా భార్య కిటికీ వైపు తిరిగింది.

నెల రోజుల పాటు రోజుకి ఐదు నిమిషాలు, అంతే. అరవకూడదు. సభలు, గేట్ల ముందు ఉపన్యాసాలు ఇక ఎప్పటికీ వద్దంది. "మామూలుగా మాట్లాడేవాళ్లలా మాట్లాడండి. ప్రపంచమంతా అలాగే బతుకుతోంది" అంది. వాదించలేదు. ఐదు నిమిషాల్లో ఒక్క క్షణం కూడా ఆవిడకి ఖర్చుపెట్టదలుచుకోలేదు.

మడుగు దగ్గర బల్ల మీద బావ ఉన్నాడు. గడియారం విప్పి ఆయన చేతిలో పెట్టాను. కాగితం తీశాను.

"బావా, విను" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. చదివాను.

"నాలుగేళ్ల కిందట కార్మికుల కాలనీ నీళ్ల గురించి ఈ కాలమ్‌లో నేను తప్పు రాశాను. రెండో వాల్వు మూసిన మనిషి ఎవరి మేలు కోసమో మూశాడన్నాను. మురుగు కలిసిన నీళ్లు జనం తాగకుండా మూశాడు. నేను అడగలేదు. తర్వాత తెలిసినా దిద్దలేదు. ఆయనకీ, ఆయన కుటుంబానికీ క్షమాపణ. కాలనీ పైపు అంత పాతది ఎందుకన్న ప్రశ్నకి మాత్రం ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు."

నీళ్లలో ఒక పిల్ల తల్లి వీపు మీంచి జారిపడి, మళ్ళీ ఎక్కింది. బావ దాన్నే చూస్తున్నాడు. గడియారం పట్టుకున్న చెయ్యి ఒళ్లో ఉంది.

"రెండో వాల్వు కాదయ్యా" అన్నాడు చివరికి. "మూడోది. రెండోది తెరిచే ఉంచాను, అందులోంచి బడికి నీళ్లు పోయాయి."

కలం తీసి కొట్టేశాను. మూడో అని రాశాను.

"ఇంకా?" అన్నాను.

"పైపు పాతదని ఊరుకున్నావేం? నలభై రెండేళ్లది. మార్చమని నేను రాసిన ఉత్తరాలు తొమ్మిది, నకళ్లు ఇంట్లో ఉన్నాయి. ఈ ముక్క నాలుగేళ్ల కిందటే అడిగుంటే నీ వ్యాసం ఇంకా గట్టిగా ఉండేది."

బావ గడియారం కంటికి ఆనించి చూసుకున్నాడు.

"మూడు నిమిషాలయింది. మిగతా రెండూ మీ అక్కకి దాచు" అన్నాడు.

సాయంత్రం ఫోన్ చేశాను. ఆ రెండు నిమిషాలూ అక్కే మాట్లాడింది.

జూలై 20

నాలుగో పేజీలో, పైన, నా కాలమ్ వచ్చేచోటే వచ్చింది. మూడో వాల్వు అనే ఉంది.

పొద్దున నేను వెళ్లేసరికి బావ ముందే వచ్చి ఉన్నాడు. పత్రిక చదివాడా, అక్క చదివి వినిపించిందా, ఏమనుకున్నాడు, ఏదీ చెప్పలేదు. నేనూ అడగలేదు, ఇవాళ్టి ఐదు నిమిషాలూ పిట్టలకోసం ఉంచుకున్నాను. బల్ల రాత్రి వానకి తడిసి ఉంది. లెన్స్‌కి చెమ్మ అంటకుండా ఆయన ఆ పేజీనే బల్ల మీద పరిచాడు. నాలుగో పేజీ పైకి ఉండేలా, ముడతలు అరచేత్తో సరిచేసి. దాని మీద మూడొందల లెన్స్ పెట్టి, నాకు చోటిస్తూ కొంచెం పక్కకి జరిగాడు.